శోకం ఎవరిది, స్వరం ఎవరిది? ‘కె.జి.ఎఫ్.’ చిత్రాల నేపథ్య సంగీతంపై రసదృష్టితో ఒక పరిశీలన

ప్రవేశిక

తెలుగులో సినిమా సంగీతంపై వచ్చిన విమర్శలో అధికభాగం పాటకు సంబంధించినదే. గీతకర్త పదసంపద, రాగచ్ఛాయలు, గాయకుల శైలి, పాటలోని కవిత్వాంశ మొదలైన విషయాలపై తెలుగు శాఖలలో పరిశోధన గణనీయంగా జరిగింది. పాటకు ముందూ వెనుకా, సంభాషణ అడుగునా, సంభాషణ లేనిచోటా వినిపించే సంగీతం మాత్రం ఈ విమర్శకు చాలావరకు వెలుపలే ఉండిపోయింది. చిత్రపరిశ్రమ రీరికార్డింగ్ అని వ్యవహరించే ఈ నేపథ్య సంగీతంలో పదం తక్కువ. పదం లేనిచోట సాహిత్య విమర్శకు పనిలేదన్న భావన ఈ ఉపేక్షకు కారణం కావచ్చు. కానీ ప్రేక్షకుడు ఎవరి దుఃఖాన్ని తన దుఃఖంగా అనుభవించాలో, ఎవరి మరణాన్ని చూసి ముందుకు సాగిపోవాలో నిర్ణయించడంలో నేపథ్య సంగీతానిది పెద్ద పాత్ర. ఆ నిర్ణయం రసవిచారణ పరిధిలోనిది.

ఈ దృష్టితో పరిశీలించదగిన ఇటీవలి ఉదాహరణ ప్రశాంత్ నీల్ దర్శకత్వంలో, రవి బస్రూర్ సంగీతంతో వచ్చిన ‘కె.జి.ఎఫ్.’ చిత్రాలు. మొదటి భాగం 2018 డిసెంబర్ 21న, రెండవ భాగం 2022 ఏప్రిల్ 14న విడుదలయ్యాయి. మూలం కన్నడమైనా రెండు భాగాలూ తెలుగు డబ్బింగ్‌తో వచ్చి తెలుగు ప్రేక్షకుల అపారమైన ఆదరణ పొందాయి. ఆ ఆదరణలో సంగీతానికి ఉన్న వాటా అందరూ అంగీకరించినదే. ‘ఎలివేషన్’ అన్న మాటను తెలుగు ప్రేక్షకలోకం ఈ చిత్రాల ప్రస్తావనలో వాడినంత విరివిగా మరెక్కడా వాడలేదేమో.

తెలుగు పరిశోధకులకు ఈ చిత్రాలతో మరొక సంబంధం కూడా ఉంది. చిత్రకథకు పేరునిచ్చిన కోలారు బంగారు గనులు ఆంధ్ర సరిహద్దుకు అతి సమీపంలో ఉన్నాయి. చిత్తూరు జిల్లా పడమటి అంచున ఉన్న వెంకటగిరికోట నుంచి బేతమంగళం మీదుగా వెళితే ఆ గనులు దాదాపు ముప్ఫై కిలోమీటర్లు. వెంకటగిరికోట, కుప్పం, పుంగనూరు ప్రాంతాల ప్రేక్షకుడికి కె.జి.ఎఫ్. అన్నది ఊహాలోకం కాదు, బంధువులు ఉన్న ఊరు. తన సమీప చరిత్రను పురాణంగా మార్చిన ఒక చిత్రం తననే కంటతడి పెట్టించినప్పుడు, ఆ కన్నీరు ఎవరి కోసం కారింది? నేపథ్య సంగీతాన్ని ఆధారం చేసుకొని ఈ ప్రశ్నకు సమాధానం వెతకడం ప్రస్తుత వ్యాసం ఉద్దేశం.

ధ్రువ, దరువు, సంకేతస్వరం

నేపథ్య సంగీతాన్ని చర్చించడానికి పరిభాష అంతటినీ పాశ్చాత్య చలనచిత్ర శాస్త్రం నుంచే తెచ్చుకోవలసిన అవసరం లేదు. నాట్యశాస్త్రం ధ్రువాగానానికి ఒక అధ్యాయాన్నే కేటాయించింది. వాక్యాలతో చెప్పలేని అర్థాన్ని గీతాలతో చెప్పాలన్న భావం అక్కడ స్పష్టంగా ఉంది. ధ్రువలు ఐదు విధాలు. పాత్ర రంగస్థలానికి వచ్చేటప్పటిది ప్రావేశికి. నిష్క్రమించేటప్పటిది నైష్క్రామికి. నడుస్తున్న రసధారను ఒక్కసారిగా తెంచి వేరొకదాన్ని తెచ్చేది ఆక్షేపికి. ఆ కుదుపు తరువాత మనస్సును తేటపరిచేది ప్రాసాదికి. పాత్ర మూర్ఛలోనో అలసటలోనో ఉండగా ఏర్పడిన వ్యవధిని నింపేది ఆంతర. ప్రదర్శనలో సంగీతం ఏ స్థానంలో ఏ పని చేస్తున్నదన్నది ఈ విభజనకు ఆధారం. నేటి రీరికార్డింగ్‌కు కూడా ఇదే ప్రశ్న వర్తిస్తుంది.

ధ్రువ శబ్దమే దరువుగా మారిందన్నది తెలుగు యక్షగాన పరిశోధకులలో ప్రసిద్ధమైన అభిప్రాయం. ప్రవేశ దరువు యక్షగానంలో, వీధినాటకంలో పాత్రకు ముఖపరిచయం. తెర వెనుక నుంచి పాత్ర బయటపడే ముందు మద్దెల ఉరుముతుంది. వంతగాళ్లు పాత్ర పేరును, వంశాన్ని, పరాక్రమాన్ని ఎత్తిపాడతారు. తెర తొలగుతుంది. ఇప్పటి ‘ఎలివేషన్’ సంగీతానికి పూర్వరూపం ఇదే.

రెండవ పరికరం సాధారణీకరణం. భట్టనాయకుడు ప్రతిపాదించి అభినవగుప్తుడు పరిష్కరించిన ఈ భావన ప్రకారం రసాస్వాద సమయంలో శోకం ఇది నాది, ఇది శత్రువుది, ఇది తటస్థుడిది అన్న సంబంధాలను విడిచిపెడుతుంది. రసానికి ఏడు విఘ్నాలను చెప్పిన అభినవగుప్తుడు, ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలలో మునిగి ఉండడం అందులో ఒకటి అన్నాడు. ఆ విఘ్నాన్ని తొలగించే సాధనాలలో గానాన్ని, వాద్యాన్ని పేర్కొన్నాడు. అంటే ఈ సంప్రదాయంలో సంగీతం పని భావాన్ని సొంతదారు నుంచి విడిపించడం.

మూడవ పరికరం దీనికి ఎదురుదిశలో పనిచేస్తుంది. జర్మన్ స్వరకర్త వాగ్నర్ సంగీతనాటకాల చర్చలో స్థిరపడిన లైట్‌మోటిఫ్ అన్న భావనను ఇక్కడ సంకేతస్వరం అని వ్యవహరించవచ్చు. ఒక వ్యక్తికో వస్తువుకో ఒక చిన్న స్వరబంధాన్ని ముడివేసి, ఆ స్వరం వినిపించినప్పుడల్లా ఆ వ్యక్తి స్మరణకు వచ్చేటట్లు చేయడం దీని పద్ధతి. సాధారణీకరణం భావాన్ని వ్యక్తి నుంచి విప్పుతుంది. సంకేతస్వరం భావాన్ని వ్యక్తికి కట్టివేస్తుంది. జనాదరణ పొందిన చిత్రాలలో ఈ రెండూ ఏకకాలంలో పనిచేస్తూ ఉంటాయి. ‘కె.జి.ఎఫ్.’ చిత్రాల భావోద్వేగ బలమూ, దాని పరిమితీ ఈ రెండింటి పెనుగులాటలోనే ఉన్నాయి.

రెండు గొంతులు: జోల, జేజే

రవి బస్రూర్ సంగీతంలో వాద్యవైవిధ్యం ఎంత ఉన్నా, శ్రోత మనస్సులో నిలిచేవి రెండు మానవకంఠ రూపాలు. మొదటిది ఒంటరి స్త్రీ గొంతు. కథానాయకుడు రాకీ పదేళ్ల వయస్సులో తల్లిని కోల్పోతాడు. ఎలా బతికినా సరే, చనిపోయేనాటికి గొప్ప ధనవంతుడిగా, అధికారం కలవాడిగా చనిపోవాలని ఆమె అతని దగ్గర మాట తీసుకుంటుంది. ఈ తల్లి జ్ఞాపకానికి అనన్య భట్ పాడిన పాట ఆధారం. తెలుగు రూపంలో ‘తరగని బరువైన’ అన్న పేరుతో ఇది ప్రసిద్ధమైంది. తాళవాద్యాల ఒత్తిడి లేకుండా, దీర్ఘాచ్చుల మీద సాగే ఈ గానానికి నడకలో జోలపాట పోలిక ఉంది. తెలుగు జానపద గేయాలలో జోల, లాలి పాటలు బిడ్డను నిద్రపుచ్చడానికి పుట్టినవే అయినా, పాడే తల్లి తన కష్టాన్ని కూడా వాటిలోనే చెప్పుకుంటుంది. ఈ పాటలోనూ ఆ ఛాయ ఉంది.

రెండవది పురుష బృందగానం. భారీ తాళవాద్యాల మీద పదునైన చిన్న పదాలతో, సంబోధనలతో సాగే ఈ గానం ‘ధీర ధీర’ వంటి పాటలలోనూ, పోరాట ఘట్టాల అడుగునా వినిపిస్తుంది. ఇది కథను చెప్పదు. నాయకుణ్ణి పిలుస్తుంది, కీర్తిస్తుంది, అతని అడుగుకు ఒరవడి పెడుతుంది. ధ్రువల పరిభాషలో ఇది అచ్చమైన ప్రావేశికి. మొదటి భాగం పతాకసన్నివేశం దీనికి మంచి ఉదాహరణ. దేవి ఉత్సవంలో బలికి సిద్ధం చేసిన ముసుగు మనుషులలో ఒకడుగా దాగిన రాకీ బయటపడి గరుడను సంహరిస్తాడు. ముసుగు తొలగడం తెర తొలగడమే. చిత్తూరు సరిహద్దు పల్లెలలో రాత్రంతా వీధినాటకం చూసిన ప్రేక్షకుడికి ఈ ప్రవేశం కొత్త కాదు. ఉపకరణాలు మాత్రమే మారాయి.

ఈ రెండు గొంతుల మధ్య చిత్రం ఒక క్రమాన్ని ఏర్పరచింది. ముందు జోల వినిపిస్తుంది, తరువాత జేజే వినిపిస్తుంది. కరుణ కదలించిన మనస్సు మీద వీరం వచ్చి నిలుస్తుంది. ఆక్షేపికి చేసే పని కూడా రసధారను తెంచి మరొకదాన్ని తేవడమే. అయితే శాస్త్రంలో ఆక్షేపికి తరువాత ప్రాసాదికి వచ్చి మనస్సును తేటపరుస్తుంది. ఇక్కడ ప్రాసాదికికి చోటు చాలా తక్కువ. ఒక ఆక్షేపం మీద మరొక ఆక్షేపం వచ్చిపడుతుంది. రెండవ భాగంలో దృశ్యాన్ని మధ్యలో నల్లగా ఆర్పి, శబ్దాన్ని కొట్టి, తిరిగి దృశ్యాన్ని వెలిగించే కూర్పు పద్ధతి దీన్ని మరింత తీవ్రం చేసింది. ప్రేక్షకుడు తనకు కలిగిన శోకం ఎవరి గురించి కలిగిందో ఆలోచించుకొనే వ్యవధి అతనికి దొరకదు.

శోకం చేతులు మారే ఘట్టాలు

మొదటి భాగంలో బొంబాయి రోడ్డు మీద ఒక సన్నివేశం ఉంది. చంకలో పసిబిడ్డ ఉన్న ఒక తల్లి చేతిలోని రొట్టె రోడ్డు మీద పడిపోతుంది. వాహనాలు ఆగవు. రాకీ వాహనాలను ఆపి, రొట్టెను తీసి ఆమెకు ఇస్తాడు. ఆ తల్లి ఆకలి ప్రేక్షకుడి కంటి ముందు ఉంది. వినిపించే సంగీతం మాత్రం రాకీ తల్లి జ్ఞాపకానికి చెందినది. ప్రేక్షకుడు రోడ్డు మీది తల్లిని చూస్తూ చనిపోయిన తల్లిని వింటాడు. ఈ సన్నివేశంలో సాధారణీకరణం కొంతమేరకు సిద్ధించింది. ఒక తల్లి అందరు తల్లులకూ ప్రతినిధి అయింది. అయినా ఆ రోడ్డు మీది స్త్రీకి పేరు లేదు, స్వరమూ లేదు. సన్నివేశం ముగిసేసరికి ప్రేక్షకుడి మనస్సులో మిగిలేది ఆమె ఆకలి కాదు, అతని మాతృభక్తి.

గనిలోని ప్రధానఘట్టంలో ఇదే పద్ధతి మరింత బలంగా పనిచేసింది. నరాచి అన్న కల్పిత నామం గల ఆ గనిలో వేలమంది మనుషులు బానిసలుగా బతుకుతుంటారు. చూపు పోయిన వాడికి అక్కడ బతికే హక్కు లేదు. చూపు కోల్పోయిన ఒక వృద్ధుణ్ణి కాపలావారు చంపబోయే సమయంలో, అంతవరకు తన పని తాను చూసుకుంటున్న రాకీ వారిపై తిరగబడతాడు. ఈ చిత్రంలో కార్మికుల శోకం తారస్థాయికి చేరిన సందర్భం ఇది. ఆ వృద్ధుడి భయం, అతన్ని కాపాడలేని తోటివారి నిస్సహాయత ఇక్కడ విభావాలు. కరుణకు కావలసిన సామగ్రి సంపూర్ణంగా ఉంది. కానీ పోరాటం ఆరంభమైన వెంటనే బృందగానం లేచి ఆ సామగ్రినంతటినీ ఒక్క మనిషి వీరానికి ఇంధనంగా మారుస్తుంది. వృద్ధుడు మిగిలాడు, అతని శోకం మిగలలేదు.

ఇక్కడ గమనించవలసింది బృందగానం స్వభావం. తెరపైన ఉన్నది వేలమంది శ్రామికులు. తెర వెనుక వినిపిస్తున్నది గుంపు గొంతు. ఈ రెండూ ఒకటేనని ప్రేక్షకుడు సహజంగా భావిస్తాడు. చిత్రం సాధించిన అతి బలమైన భ్రమ ఇది. వాస్తవానికి ఆ గుంపు తన గురించి ఏమీ పాడదు. తన ఊరు, తన ఆకలి, తన చనిపోయినవారు ఆ గానంలో లేరు. గుంపు పాడేది నాయకుడి గురించే. ‘ఎవ్వడికెవ్వడు బానిస’ అన్న పాట శీర్షికలో ఒక ధిక్కారప్రశ్న ఉంది. ఆ ప్రశ్న బానిసల నోట పుట్టి వారి చేతకు దారితీసి ఉంటే చిత్రం మరొకటయ్యేది. ఆ ధిక్కారానికి కర్త నాయకుడు. గుంపుకు మిగిలింది వంత.

తెలుగు శ్రామిక గేయాలతో పోల్చితే ఈ భేదం తేటపడుతుంది. బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ వెలువడినప్పటినుంచి శ్రామిక గేయం తెలుగు పరిశోధనలో ప్రత్యేక శాఖగా నిలిచింది. నాట్లు వేసేటప్పుడు, దంచేటప్పుడు, బరువులు లాగేటప్పుడు ఒకరు ఎత్తుకుంటారు, మిగిలినవారు అందుకుంటారు. ఎత్తుకున్నవారు వీరులు కారు. పని చేస్తున్నవారిలో ఒకరు. వంత ఊపిరికి ఆసరా, చేతుల కదలికకు తాళం. పాట పనిలో భాగం, పనివారి సొత్తు. చిత్రంలోని బృందగానానికి ఈ శబ్దస్వరూపం ఉంది. స్వామ్యం మాత్రం మారిపోయింది.

గని వినిపించిన శబ్దాలు

చిత్రకథ ప్రకారం నరాచిలో బంగారం 1951లో బయటపడింది. రాకీ పుట్టుక కూడా ఆ రాత్రే. గని జననాన్ని, నాయకుడి జననాన్ని ఒకే ముహూర్తంలో ముడివేసిన ఈ కల్పన సంకేతస్వరానికి కథారూపం వంటిది. గని చరిత్ర అంతా ఒక్క జీవితానికి అనుబంధమైపోతుంది.

వాస్తవ చరిత్రలో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ 1880 దశకంలో కోలారు గనులలో పెద్దయెత్తున తవ్వకం సాగించింది. 1894లో బౌరింగ్‌పేట నుంచి గనులకు రైలుమార్గం పడింది. 1902లో కావేరి నది మీది శివనసముద్రం నుంచి విద్యుత్తు వచ్చింది. మైసూరు, చాంపియన్ రీఫ్, ఊరుగాం, నందిదుర్గం గనులలో చాంపియన్ రీఫ్ మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు చేరింది. 1956లో గనులు ప్రభుత్వపరమయ్యాయి. 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఈ నూట ఇరవై ఏళ్ల కాలంలో లోపలికి దిగినవారిలో అధికసంఖ్యాకులు తమిళం మాట్లాడే దళితులు. వారితోపాటు తెలుగువారు కూడా ఉన్నారు. తొలిదశలో కూలీలు ఎక్కువగా వచ్చిన ప్రాంతాలలో ఒకటి ఉత్తర ఆర్కాటు జిల్లా. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు పలమనేరు తాలూకా ఆ జిల్లాలోనిదే. బంగారపు పొర కూడా సరిహద్దు దగ్గర ఆగలేదు. దాని దక్షిణపు కొనసాగింపు కుప్పం ప్రాంతంలోని బిసానత్తం, చిగురుగుంటల వరకు వచ్చింది. అక్కడా భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ గనులు నడిపింది.

ఆ గనులకు తమదైన శబ్దలోకం ఉంది. షిఫ్టు మారే వేళ మోగే సైరన్, మనుషులను షాఫ్టులోకి దింపే బోను, రాతిలో రంధ్రాలు వేసే డ్రిల్లు, మందుగుండు పేలుడు అందులోనివి. అన్నిటికన్నా భయంకరమైనది రాక్‌బర్స్ట్. భూమి లోపలి ఒత్తిడికి రాయి ఒక్కసారిగా పగిలి చిమ్మే ఈ ప్రమాదం తాకిడి పైనున్న ఇళ్లకు కూడా ప్రకంపనగా తెలిసేది. ఇంట్లో ఉన్న భార్యకు లోపల ఏదో జరిగిందని చెప్పేది ఆ అదురే. మరొక శబ్దం మరీ చిన్నది. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకొని వచ్చే సిలికోసిస్ వ్యాధిగ్రస్తుడి దగ్గు అది.

చిత్రం గని కార్మికుడి శరీరహానికి గుర్తుగా అంధత్వాన్ని ఎంచుకుంది. దృశ్యమాధ్యమానికి అది అనుకూలమైన ఎంపిక. చూపులేనితనం కంటికి కనిపిస్తుంది. సిలికోసిస్ చెవికి వినిపించేది. ఊపిరి అందని మనిషి పాడలేడు. చిత్రంలోని బృందగానం పూర్ణశ్వాసతో పాడే గానం. ఆ శబ్దబలం కింద గని మనుషుల అసలు ఊపిరి వినిపించే అవకాశం లేదు. చిత్రం నిజమైన గనుల పక్కనే, సైనైడ్ గుట్టలుగా పేరుపడిన వ్యర్థపు దిబ్బల మీద చిత్రీకరణ జరుపుకుంది. నేల వాస్తవమైనది, నేల శబ్దం మాత్రం చిత్రంలోకి రాలేదు.

తెలుగు రూపం తెచ్చిన యాదృచ్ఛిక సత్యం

డబ్బింగ్ చిత్రాన్ని మూలం కన్నా తక్కువదిగా చూడడం విమర్శలో అలవాటు. ‘కె.జి.ఎఫ్.’ విషయంలో తెలుగు రూపానికి ఒక విశేషం ఉంది. నరాచి కార్మికులు తెలుగులో మాట్లాడడం డబ్బింగ్ అవసరం కొద్దీ జరిగినదే అయినా, అది అనుకోకుండా చరిత్రకు ఒక అడుగు దగ్గరగా వచ్చింది. ఆ గనుల లైన్లలో తెలుగు నిజంగానే వినిపించిన భాష.

జోలపాట విషయంలోనూ ఇలాంటి యాదృచ్ఛికతే ఉంది. కన్నడ పదాలకు కట్టిన వరసలో తెలుగు పదాలు పొదగవలసి వచ్చింది. అజంతమైన తెలుగు పదం ఈ వరసలోని దీర్ఘస్వరాలకు సులభంగా ఒదిగింది. ‘తరగని బరువు’ అన్న మాట మూలంలో గర్భాన్ని మోసే తల్లికి ఉద్దేశించినది. గని ముందు నిలబడి విన్నప్పుడు అది తట్టను మోసే కూలికి కూడా వర్తిస్తుంది. సాహిత్యం ఇంత విశాలమైన అర్థానికి తలుపు తీసినా, సంకేతస్వరం ఆ తలుపును మళ్లీ మూస్తుంది. ఎందుకంటే వరస వినిపించిన ప్రతిసారీ తెరపైకి వచ్చేది రాకీ తల్లి ముఖమే. పదం విప్పిన ముడిని స్వరం బిగించింది. పాటను మాత్రమే చదివే విమర్శకు ఈ సంగతి కనిపించదు.

రెండవ భాగంలో ఈ బిగింపు ఇంకా పెరిగింది. ‘ఎదగరా ఎదగరా’ అన్న పాట శీర్షికలోనే తల్లి కొడుకును సంబోధించే ధోరణి ఉంది. కార్మికులందరి ఆశీస్సూ ఈ ఒక్క సంబోధనలో ఇమిడిపోతుంది. అదే భాగంలో రాకీ ప్రయోగించే భారీ యంత్రతుపాకికి ‘పెద్దమ్మ’ అన్న పేరు పెట్టారు. తెలుగు ఇళ్లలో ఆప్యాయతతో పలికే పిలుపు ఆయుధానికి చేరింది. మాతృత్వం అన్న భావం జోల నుంచి బయలుదేరి తుపాకి దాకా ప్రయాణించడం ఈ చిత్రాల రసపరిణామానికి సంగ్రహరూపం.

రెండు ఆక్షేపణలు

ఈ పరిశీలనపై రెండు ఆక్షేపణలు రావచ్చు. మొదటిది కథనపద్ధతికి సంబంధించినది. మొదటి భాగం కథను ఆనంద్ ఇంగళగి అన్న రచయిత చెబుతుంటాడు. కనుక సంగీతంలోని అతిశయం కథకుడి అతిశయమే, చిత్రం తాను పురాణమని తానే ఒప్పుకుంటున్నది అనవచ్చు. ఈ వాదంలో బలం ఉంది. హరికథకుడి అతిశయోక్తిని చరిత్ర తూకంతో తూచడం న్యాయం కాదు. అయితే ఆ కథకుడి మాటలు కార్మికుల యాతనను వర్ణించడానికి కొంత సమయం కేటాయించాయి. సంగీతం ఆ మాత్రం కేటాయించలేదు. మాటకూ స్వరానికీ మధ్య ఉన్న ఈ ఎడం కథకుడి అతిశయం అన్న ఒక్క కారణంతో సమర్థనీయం కాదు.

రెండవ ఆక్షేపణ ప్రేక్షకుడి వైపు నుంచి వచ్చేది. ఆ జోల విన్నవారు తమ తమ తల్లులను తలచుకొని ఏడ్చారు, సాధారణీకరణానికి అంతకన్నా నిదర్శనం ఏముంది అనవచ్చు. ప్రేక్షకుడి హృదయంలో సాధారణీకరణం జరిగిందన్నది నిజం. ఈ సంగీతం గొప్పదనం కూడా అదే. దాన్ని కాదనడం తమ అనుభవాన్ని తామే కాదనుకోవడమవుతుంది. సమస్య తెర ఇవతల లేదు, తెర మీద ఉంది. చూసే ప్రతి ఒక్కరి తల్లీ ఆ స్వరంలోకి రాగలిగింది. గనిలో ఉన్నవారి తల్లులు మాత్రం రాలేకపోయారు. ప్రేక్షకుడి వ్యక్తిగత శోకానికి దొరికిన చోటు ఎదురుగా ఉన్న సామూహిక శోకానికి దొరకలేదు.

ఇది ప్రజారంజక కళకు అనివార్యమైన పరిమితి కాదనడానికి ఈ ప్రాంతంలోనే ఒక సాక్ష్యం ఉంది. చిత్తూరు జిల్లాలో, దానికి ఆనుకొని ఉన్న తమిళ ప్రాంతంలో ద్రౌపదీ ధర్మరాజుల గుడుల దగ్గర మహాభారత ఉత్సవాలు జరుగుతాయి. చాలాచోట్ల పద్దెనిమిది రోజులపాటు పగలు హరికథ, రాత్రి వీధినాటకం నడుస్తాయి. చివరిరోజు నేల మీద మట్టితో భారీగా మలచిన దుర్యోధనుడి ఆకారం దగ్గర వధ ఘట్టం ప్రదర్శిస్తారు. ఇందులోనూ వీరుడి ప్రవేశ దరువు ఉంది, మద్దెల ఉరుము ఉంది, తొడ విరిచినప్పటి కేకలు ఉన్నాయి. కానీ దుర్యోధనుడు పడిన తరువాత అతని చావుకు ఏడ్చే గొంతుకు కూడా ఆ ఆటలో చోటు ఉంటుంది. గెలిచినవాడి స్వరం ఓడినవారి శోకాన్ని పూర్తిగా మింగదు. శోకం శత్రువు తల్లిది అయినా ఊరు వింటుంది. అభినవగుప్తుడు చెప్పిన సంబంధవిముక్తికి ఈ పల్లె ప్రదర్శన చక్కని లక్ష్యం. వీరాన్ని పరాకాష్ఠకు తీసుకువెళ్లిన కళారూపం కరుణను కరుణగా మిగల్చగలదని ఇది రుజువు చేస్తున్నది.

ముగింపు

‘కె.జి.ఎఫ్.’ చిత్రాల నేపథ్య సంగీతం భావోద్వేగబలం ప్రధానంగా రెండు కంఠరూపాల సంయోజనం నుంచి పుట్టింది. ఒంటరి స్త్రీకంఠం ప్రేక్షకుడి వ్యక్తిగత స్మృతిని కదిలిస్తుంది. పురుష బృందగానం కదిలిన ఆ మనస్సును నాయకుడి వైపు నడిపిస్తుంది. ప్రావేశికి, ఆక్షేపికి లక్షణాలు బలంగా ఉండి, ప్రాసాదికి దాదాపు లుప్తం కావడం వల్ల కరుణ వీరానికి అంగమైపోయింది. సంకేతస్వరం మాతృశోకాన్ని ఒక్క వ్యక్తికి కట్టివేయడం వల్ల గని కార్మికుల శోకం కనిపించింది గాని వినిపించలేదు.

దీనినుంచి నేపథ్య సంగీత విమర్శకు కొన్ని ప్రశ్నలు స్థిరపడుతున్నాయి. తెరపై శోకం ఎవరిది, ఆ సమయంలో వినిపించే స్వరం ఎవరిది? బృందగానం వినిపించినప్పుడు ఆ బృందం తన గురించి పాడుతున్నదా, మరొకరి గురించి పాడుతున్నదా? ఉద్వేగం తరువాత మనస్సు తేటపడే వ్యవధిని సంగీతం ఇస్తున్నదా? ఇవి సంగీతశాస్త్ర పాండిత్యం కన్నా రసవివేకాన్ని ఎక్కువగా కోరే ప్రశ్నలు. తెలుగు సాహిత్య పరిశోధకులు వీటిని చేపట్టడానికి అధికారులే.

వెంకటగిరికోట పరిసరాల నుంచి గనులకు వెళ్లి వచ్చినవారి మాటలు, గని లైన్లలోని తెలుగు కుటుంబాలలో నిలిచిన పాటలు, సైరన్ వేళలను బట్టి సాగిన ఇళ్ల దినచర్య సేకరించవలసిన వాఙ్మయం. గనులు మూతపడి పాతికేళ్లు దాటాయి. లోపలికి దిగినవారిలో చివరి తరం వృద్ధాప్యంలో ఉంది. వారి గొంతులు నమోదైతే, ఈ గనులపై రేపు మరొక చిత్రం వచ్చినప్పుడు దాని నేపథ్య సంగీతాన్ని వినవలసిన పద్ధతి కూడా మారుతుంది.